అరికాలి మచ్చ నుంచి వెన్నుపూస దాకా: కృష్ణా పశ్చిమ డెల్టాలో ఒక వ్యాధి చరిత్ర

కృష్ణా పశ్చిమ డెల్టాలోని తెనాలి, రేపల్లె, బాపట్ల ప్రాంతాల్లో ప్రాణాంతకమైన చర్మ క్యాన్సర్ చరిత్ర ఎండ తగిలే ముఖం దగ్గర కాక, ఎండ పొడ సోకని అరికాలి దగ్గర మొదలవుతుంది. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ అనే పదార్థాన్ని తయారుచేసే కణాలు అదుపు తప్పి పెరిగితే వచ్చే క్యాన్సర్‌ను మెలనోమా అంటారు. చర్మ క్యాన్సర్లలో ఇది సంఖ్యలో చిన్నదే అయినా లోపలి అవయవాలకు పాకి ప్రాణం తీయడంలో ముందుంటుంది. ఐరోపా, ఆస్ట్రేలియా దేశాల్లో తెల్లని చర్మం మీద ఎండ దెబ్బకు పుట్టే ఈ జబ్బు భారతీయుల్లో అరుదు, ఏటా లక్ష మందిలో ఒక్కరికైనా రాదు. వచ్చినప్పుడు మాత్రం అరికాలిలోనో, అరచేతిలోనో, గోరు కిందనో రావడం ఎక్కువ. తరతరాలుగా వరి మడుల్లో చెప్పులు లేకుండా నడిచిన జనానికి అరికాలు అంటే ఆనెకాయలూ, ముళ్లు విరిగిన గుర్తులూ, రేగడి మరకలూ ఉండే చోటు. నొప్పి లేని నల్ల మచ్చ ఒకటి అక్కడ పుట్టి, అంచులు చెదిరి, మెల్లగా వెడల్పయితే దాన్ని వేరుగా గుర్తుపట్టే కన్ను ఊళ్లో ఎవరికీ ఉండేది కాదు. అందువల్ల ఈ జబ్బు కొందరిలో పాదం దగ్గర కాక నడుము దగ్గర, అంటే వెన్నుపూసకు పాకిన తరువాత బయటపడేది. ఆ ఆలస్యం ఎలా ఏర్పడింది, ఎవరి శ్రమ వల్ల ఎంత తగ్గింది అన్నదే ఇక్కడి విషయం.

ప్రాచీన వైద్యానికి ఈ గడ్డల సంగతి తెలియదనుకోవడం పొరపాటు. సుశ్రుత సంహిత అర్బుదం అనే పేరుతో గట్టిగా, కదలకుండా, చీము పట్టకుండా పెరిగే గడ్డలను వర్ణించి, ఒక గడ్డ మీద మరొకటి పుట్టడాన్ని అధ్యర్బుదమని, రెండు జంటగానో ఒకదాని వెంట ఒకటిగానో రావడాన్ని ద్విరర్బుదమని పేర్కొని, అలాంటివాటిని నయం కానివాటిలో చేర్చింది. ఒకచోటి జబ్బు మరొకచోట తలెత్తుతుందన్న గమనిక అందులో ఉంది కాని, అది ఏ దారిన పోతుందో చెప్పడానికి కావలసిన శరీరశాస్త్రం అప్పటికి లేదు. పల్లెల్లో మానని పుండును రాచపుండు అనేవారు. ఆకు పసరు కట్టడం, కాల్చిన ఇనుముతో వాతలు పెట్టడం వాడుకలో ఉన్న చికిత్సలు. నడుము నొప్పికీ వాతే మందు కావడంతో, కాలి మచ్చకూ నడుము నొప్పికీ సంబంధం ఉండవచ్చన్న ఊహకు చోటే లేకపోయింది.

ఆ సంబంధాన్ని పట్టుకోవడానికి ఐరోపా వైద్యానికి కూడా వందేళ్లకు పైనే పట్టింది. 1787లో లండన్‌లో జాన్ హంటర్ ఒక రోగి దవడ దగ్గర నుంచి కోసి తీసిన నల్లని గడ్డను వింత ఫంగస్‌గా భావించి భద్రపరిచాడు. అది మెలనోమా అని తేలింది 1968లో. 19వ శతాబ్ది తొలి సంవత్సరాల్లో పారిస్‌లో లేనెక్ దీన్ని ప్రత్యేకమైన వ్యాధిగా గుర్తించి పేరు పెట్టాడు. 1840లో శామ్యూల్ కూపర్ అనే ఇంగ్లీషు సర్జన్, ముదిరిన మెలనోమాకు చికిత్స లేదనీ, తొలిదశలో కోసి తీయడం ఒక్కటే ఆధారమనీ రాశాడు. 1886లో జొనాథన్ హచిన్సన్ గోరు అంచున నల్లని రంగు పాకుతూ కనిపించే మెలనోమాను నల్ల గోరుచుట్టుగా వర్ణించాడు. గోటి కింది నలుపు గోరు దాటి చుట్టూ ఉన్న చర్మంలోకి వస్తే అనుమానించాలన్న ఆయన సూత్రం ఇప్పటికీ పాఠ్యపుస్తకాల్లో ఉంది. డెల్టా రైతుకు ఈ వర్ణనే అన్నిటికంటే దగ్గరిది, ఎందుకంటే ఇక్కడ గోరుచుట్టు అనుకుని నిమ్మకాయ తొడిగి ఊరుకున్న వేళ్లలో ఇలాంటిదీ ఉండే అవకాశం ఉంది. 1889లో స్టీఫెన్ పేజెట్ క్యాన్సర్ కణాలు ఎక్కడ పడితే అక్కడ మొలవవనీ, తమకు అనువైన అవయవంలోనే వేళ్లూనుతాయనీ వాదించాడు.

పేజెట్ ఆ మాట రాసేనాటికి గుంటూరులో ఆనా శారా కుగ్లర్ అనే అమెరికన్ లూథరన్ వైద్యురాలు పని మొదలుపెట్టి ఆరేళ్లయింది. 1883లో వచ్చిన ఆమె చేతుల మీదుగా 1898లో స్త్రీలకూ పిల్లలకూ ప్రత్యేకంగా ఆసుపత్రి వెలిసింది. 1930లో మరణించేదాకా ఆమె ప్రధాన కార్యక్షేత్రం ఆ ఊరే. తరువాతి దశాబ్దాల్లో చీరాలలో మేరీ బేర్ పేరుతో నిలిచిన లూథరన్ ఆసుపత్రి, నిడుబ్రోలులో సాల్వేషన్ ఆర్మీ ఆసుపత్రి వచ్చి, డెల్టా దక్షిణపు అంచుకు శస్త్రచికిత్సను దగ్గర చేశాయి. అంతకుముందు ఈ ప్రాంతంలో రోగి ప్రయాణమంటే కాలువల మీద పడవ ప్రయాణం: 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాక తవ్విన కొమ్మమూరు కాలువ బకింగ్‌హాం కాలువతో కలిసి మద్రాసు దాకా నీటి దారి ఇచ్చింది. 19వ శతాబ్ది చివర బెజవాడ, మద్రాసు మధ్య రైలు తెనాలి, నిడుబ్రోలు, బాపట్ల, చీరాల మీదుగా నడవడంతోనూ, 1916లో తెనాలి నుంచి రేపల్లెకు శాఖ పడడంతోనూ రోజుల ప్రయాణం ఒక రాత్రికి తగ్గింది. ఆసుపత్రుల చరిత్రలో రైలు పట్టాలకు ఇవ్వవలసినంత చోటు ఎవరూ ఇవ్వలేదు గాని, తెనాలి, రేపల్లె, బాపట్ల విషయంలో రోగ నిర్ధారణ చరిత్ర సగం ఆ పట్టాల మీదే జరిగింది.

బాపట్లలో సాల్వేషన్ ఆర్మీ నడిపిన కుష్ఠు ఆసుపత్రిని ఈ సందర్భంలో తప్పక తలచుకోవాలి. కుష్ఠులో నరాలు దెబ్బతిని అరికాలికి స్పర్శ పోతుంది, తెలియకుండా తగిలిన గాయం మానని పుండవుతుంది. అలాంటి పుండు ఏళ్ల తరబడి మానకుండా ఉంటే దాని అంచున స్క్వేమస్ కణాల క్యాన్సర్, అంటే చర్మపు పై పొరల కణాల్లో పుట్టే క్యాన్సర్, రావచ్చు. పాత పుండులో పుట్టే ఈ రకాన్ని మార్జోలిన్ పుండు అంటారు. అంటే అరికాలి పుండు ఒక్కటే అయినా వెనక ఉన్న జబ్బు మూడు నాలుగు రకాలు కావచ్చు, వాటిని విడదీయడానికి కంటిచూపు చాలదు. పుండు అంచు నుంచి చిన్న ముక్క కోసి, మైనంలో పోతపోసి, పలచని పొరలుగా తరిగి, రంగు వేసి సూక్ష్మదర్శిని కింద చూసే బయాప్సీ, జనం మాటల్లో ముక్క పరీక్ష, ఒక్కటే దారి. ఆ పరీక్ష చేయగల పాథాలజిస్టు జిల్లాలో స్థిరంగా ఉండడానికి 1946లో గుంటూరు వైద్య కళాశాల పుట్టేదాకా ఆగవలసి వచ్చింది. దానికి ముందు ఏడాదే బాపట్లలో వ్యవసాయ కళాశాల వెలిసింది. వరికి పట్టే తెగుళ్లను చదివే శాస్త్రమూ, మనిషికి పట్టే జబ్బును చదివే శాస్త్రమూ ఈ జిల్లాకు దాదాపు ఒకే సమయంలో అందాయి.

వెన్నుపూస వైపు నుంచి చూస్తే చిక్కు మరింత ముడిపడింది. నడుము వంగి, కాళ్లు చచ్చుబడిన రోగిని చూడగానే ఆనాటి వైద్యుడు క్షయ అనుకోవడం సహజం. 1779లో పెర్సివల్ పాట్ వర్ణించిన వెన్నెముక క్షయ ఈ ప్రాంతంలో అంత సాధారణం, క్యాన్సర్ అంత అరుదు. ఊపిరితిత్తుల క్షయకు సంపన్నులూ మధ్యతరగతివారూ మదనపల్లె శానిటోరియానికి వెళ్లేవారు. తెనాలి ఐతానగరంలో పుట్టిన రచయిత చక్రపాణి అక్కడ చికిత్స పొందుతూనే బెంగాలీ నేర్చుకున్నారన్న సంగతి తెలుగు సాహిత్య లోకానికి సుపరిచితం. ఇక పశ్చిమాన పొదిలి, దర్శి ప్రాంతాల్లో, అవి నెల్లూరు జిల్లాలో ఉన్న రోజుల్లో, నీటిలోని ఫ్లోరిన్ వల్ల వెన్నెముక కర్రలా బిగుసుకుపోయే జబ్బును 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి అనే పరిశోధకులు ప్రకటించారు. దిగువ గుంటూరు మండలం నుంచి వచ్చిన నడుము నొప్పిని చూసే వైద్యుడి ముందు క్షయ, ఫ్లోరోసిస్, పొలం పని వల్ల వచ్చిన అరుగుదల అనే మూడు సులభమైన సమాధానాలు ఉండగా, నాలుగో సమాధానం కోసం అరికాలు తిప్పి చూడాలన్న ఆలోచన రావడం కష్టం.

ఎక్స్‌రే ఫిల్మ్ మీద క్షయకూ క్యాన్సర్‌కూ తేడా పట్టే పద్ధతి ఒకటి ఉంది. దాన్ని దగ్గరగా చూడడం అవసరం. వెన్నెముకలో ఒక పూసకూ మరో పూసకూ మధ్య డిస్క్ అనే మెత్తని బిళ్ల ఉంటుంది. క్షయ సాధారణంగా ఆ బిళ్లను ఆనుకుని రెండు పక్కల పూసల అంచుల్లో మొదలై, బిళ్లనూ తినేసి, మధ్య ఖాళీని మూసేస్తుంది. చుట్టూ చీము సంచి నీడలా కనిపించవచ్చు. క్యాన్సర్ కణాలు రక్తంతో వచ్చి పూస ఎముకలో దిగుతాయి గనుక పూస కూలిపోయినా బిళ్ల ఖాళీ చాలాకాలం అలాగే మిగులుతుంది. ముందు నుంచి తీసిన ఫిల్మ్‌లో ప్రతి పూసకూ రెండు పక్కల రెండు గుండ్రని నీడలు కళ్లలా కనిపిస్తాయి, అవి పూస ముందు భాగాన్ని వెనక కమానుతో కలిపే చిన్న ఎముక స్తంభాలు. క్యాన్సర్ వాటిలో ఒకదాన్ని తినేస్తే గుడ్లగూబ ఒక కన్ను మూసినట్లు ఉంటుందని రేడియాలజిస్టులు అంటారు. అయితే పూసలోని ఎముక పదార్థం మూడో వంతు నుంచి సగం దాకా పోతేగాని మామూలు ఎక్స్‌రేలో ఏ మార్పూ కనబడదు. అంటే ఫిల్మ్ బాగుందన్న మాట విని తెనాలి నుంచి రేపల్లె బండెక్కిన రోగి వెన్నులో జబ్బు అప్పటికే స్థిరపడి ఉండేందుకు ఆస్కారం ఉండేది.

ఎముకల ఎక్స్‌రేను చదవడంలో ప్రపంచంలోనే పేరెన్నికగన్న నిపుణుల్లో ఒకరు కృష్ణ అవతలి ఒడ్డున, పెదముత్తేవిలో పుట్టారు. కాకర్ల సుబ్బారావు విశాఖపట్నం ఆంధ్ర వైద్య కళాశాలలో చదివి, అమెరికాలో ఎముకల రేడియాలజీలో పనిచేసి, తిరిగి వచ్చి హైదరాబాదు నిమ్స్‌కు తొలి డైరెక్టరయ్యారు; తెలుగునాట వెన్నుపూస ఫిల్మ్‌ను ఓపికగా, పద్ధతిగా చదివే అలవాటు ఆయన శిష్యుల తరంతో గట్టిపడింది.

కాలిలో పుట్టినది గుండెనూ ఊపిరితిత్తులనూ దాటి వెన్నుకు ఎలా చేరుతుందన్న ప్రశ్నకు 1940లో అమెరికన్ శరీరశాస్త్రవేత్త ఆస్కార్ బాట్సన్ ఒక సమాధానం ఇచ్చాడు. వెన్నెముక చుట్టూ అల్లుకున్న సిరల వలలో కవాటాలు లేవనీ, దగ్గినా ముక్కినా బరువెత్తినా కడుపులోని ఒత్తిడికి రక్తం వెనక్కు మళ్లి పూసల్లోకి పోగలదనీ ఆయన చూపాడు. పూసలో పెరిగిన గడ్డ వెనక్కు ఉబ్బి వెన్నుపామును, అంటే మెదడు నుంచి కాళ్లకు ఆజ్ఞలు తీసుకుపోయే నరాల తాడును, నొక్కితే కాళ్లు పడిపోతాయి. దానికి వారాల ముందే సూచనలు ఉంటాయి: పగటి పని నొప్పి రాత్రి పడుకుంటే తగ్గాలి, ఈ నొప్పి పడుకుంటే పెరుగుతుంది, ఛాతీ చుట్టూ పట్టీ బిగించినట్లుంటుంది, తరువాత నడకలో తూలడం, మూత్రం బిగదీయడం వస్తాయి. పని చేసేవాడికి నడుము నొప్పి మామూలే అనుకునే సమాజంలో ఈ తేడాను అడిగి తెలుసుకున్న వైద్యుడు ఏ యంత్రం లేకుండానే సగం నిర్ధారణ చేసినవాడవుతాడు.

చికిత్స విషయంలో డెల్టా చూపు మొదట మద్రాసు వైపే. 1934లో అక్కడి జనరల్ ఆసుపత్రిలో కెప్టెన్ బార్నార్డ్ పేర రేడియాలజీ సంస్థ ప్రారంభమై, లోతుకు పోయే ఎక్స్‌రేతోనూ రేడియంతోనూ చికిత్స చేసేది. 1941లో బొంబాయిలో టాటా స్మారక ఆసుపత్రి వచ్చింది. అక్కడి పాథాలజిస్టు ఖనోల్కర్ 1945లో సూర్యాబాయితో కలిసి, పంచె బిగించి కట్టే నడుము చర్మం మీద వచ్చే క్యాన్సర్‌నూ, చుట్ట తాగేవారికి వచ్చే నోటి క్యాన్సర్‌నూ దేశీయ అలవాట్లతో ముడిపెట్టి వర్ణించాడు. భారతీయుల చర్మ క్యాన్సర్‌ను ఐరోపా పుస్తకంలో కాక భారతీయుల ఒంటి మీదే చదవాలన్న దృష్టికి అది గట్టి పునాది. 1954లో ముత్తులక్ష్మి రెడ్డి కృషితో అడయారులో క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ వచ్చేనాటికి, మద్రాసు తెలుగువారికి పొరుగు రాష్ట్రపు రాజధానిగా మారి ఏడాది కావస్తోంది. 1955లో హైదరాబాదులో మెహదీ నవాజ్ జంగ్ పేర రేడియం సంస్థ, క్యాన్సర్ ఆసుపత్రి ప్రారంభమైంది. మరుసటి ఏడు ఆంధ్రప్రదేశ్ ఏర్పడి హైదరాబాదు రాజధాని కావడంతో రోగుల దారి మెల్లగా దక్షిణం నుంచి వాయవ్యానికి మళ్లింది. రేపల్లె నుంచి కాచిగూడ పోయే డెల్టా ఎక్స్‌ప్రెస్ రాత్రి బండి కావడం, తెల్లారేసరికి ఆసుపత్రి వరసలో నిలబడవలసినవారికి ఎంతో ఉపకరించింది.

రేడియోథెరపీని జనం కరెంటు పెట్టడం అనేవారు, ఇప్పటికీ అంటారు. వెన్నుపూసకు ఆ చికిత్స నొప్పిని తగ్గించేది గాని, మెలనోమా కణాలు చిన్న చిన్న మోతాదులకు లొంగనివని పేరుపడ్డాయి. శస్త్రచికిత్స కూడా చాలాకాలం పూస వెనక కమానును తొలగించి వెన్నుపాముకు చోటు కల్పించడానికే పరిమితమైంది. గడ్డ ముందు భాగంలో ఉంటే అది పెద్దగా ఉపయోగపడక, ఒక్కోసారి వెన్నెముకను మరింత బలహీనపరిచేది. దానివల్ల ఒక తరం వైద్యులు ఆపరేషనే వద్దనే అభిప్రాయానికి వచ్చారు. 2005లో అమెరికాలో ప్యాచెల్ బృందం 101 మంది రోగులతో ప్రచురించిన పరిశోధన ఆ అభిప్రాయాన్ని తిరగరాసింది: వెన్నుపామును నొక్కుతున్న గడ్డను నేరుగా తొలగించి, ఆపైన రేడియేషన్ ఇచ్చినవారిలో 84 శాతం మంది చికిత్స తరువాత నడవగలిగారు, రేడియేషన్ మాత్రమే పొందినవారిలో 57 శాతం. అప్పటికే నడవలేని స్థితిలో ఉన్నవారిలో మొదటి గుంపువారు 62 శాతం, రెండో గుంపువారు 19 శాతం మాత్రమే తిరిగి నడిచారు. నడక పోకముందే వచ్చినవారికీ పోయాక వచ్చినవారికీ మధ్య ఉన్న తేడాను ఈ అంకెలు చూపినంత స్పష్టంగా మరే వాదనా చూపలేదు.

మందుల చరిత్రలో ఒక తెలుగు పేరు ఊహించని చోట తగులుతుంది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో లెడర్లీ ప్రయోగశాలలో తయారైన ఫోలిక్ ఆమ్ల విరోధులు 1948లో పిల్లల రక్త క్యాన్సర్‌ను తాత్కాలికంగానైనా తగ్గించిన తొలి మందులు. వాటిలో ఒకటైన మెథోట్రెక్సేట్‌ను 1950లలో మిన్ చియు లీ అనే వైద్యుడు ఒంటినిండా పాకిన మెలనోమా రోగికి ఇచ్చినప్పుడు, ఆ గడ్డలు స్రవిస్తున్న గర్భధారణ హార్మోను మోతాదు పడిపోవడం గమనించాడు. మెలనోమా ఆ మందుకు లొంగలేదు. అయితే ఆ గమనికే మావి నుంచి పుట్టే కోరియోకార్సినోమా అనే క్యాన్సర్‌కు మెథోట్రెక్సేట్ వాడడానికి దారితీసి, మందులతోనే నయమైన తొలి గట్టి క్యాన్సర్‌గా దాన్ని నిలిపింది. ఒక జబ్బు రోగి మరో జబ్బు రోగులకు ప్రాణం పోసిన ఈ ఘట్టం తెలుగువారు గుర్తుపెట్టుకోదగినది. మెలనోమాకు మాత్రం 1975లో డకార్బజీన్ తరువాత దాదాపు నాలుగు దశాబ్దాలు చెప్పుకోదగిన మందు దొరకలేదు. 2011లో ఇపిలిముమాబ్, 2014లో పెంబ్రోలిజుమాబ్, నివోలుమాబ్ వచ్చాయి. ఇవి క్యాన్సర్‌ను నేరుగా చంపవు, శరీర రక్షక కణాలకు ఉన్న కళ్లెం విప్పి వాటినే క్యాన్సర్ మీదికి తోలుతాయి. ఈ ఆవిష్కారానికి 2018లో జేమ్స్ ఆలిసన్, తసుకు హోంజో నోబెల్ అందుకున్నారు. అరికాలి మెలనోమా ఎండ వల్ల పుట్టే మెలనోమా అంత బాగా ఈ మందులకు స్పందించదు, దాని జన్యు మార్పులు వేరు. అంటే ఈ ప్రాంతపు రోగికి వచ్చే రకమే చికిత్సలో వెనకబడి ఉంది.

2007లో ఆరోగ్యశ్రీ మొదలయ్యాక క్యాన్సర్ శస్త్రచికిత్స, రేడియేషన్ ఖర్చు పేద కుటుంబాల నెత్తిన పూర్తిగా పడే రోజులు కొంత మారాయి. 2014 విభజనతో, 1953లో మద్రాసు విషయంలో జరిగినట్లే, డెల్టా రోగులు అలవాటు పడిన నగరం మళ్లీ రాష్ట్రపు సరిహద్దు అవతలికి పోయింది. ఈసారి లోటు పూడ్చే పని ఇంటి దగ్గరే జరిగింది: గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో నాట్కో ట్రస్టు కట్టించిన క్యాన్సర్ విభాగం, మంగళగిరిలో ఒకప్పటి క్షయ శానిటోరియం స్థలంలో వెలిసిన ఎయిమ్స్, రెండూ తెనాలికి గంట ప్రయాణం లోపువే. 2022 ఏప్రిల్‌లో బాపట్ల కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడి రేపల్లె అందులో చేరింది, తెనాలి గుంటూరులోనే ఉంది.

నేడు నిర్ధారణ వరస ఇలా నడుస్తుంది. అనుమానం ఉన్న మచ్చను పూర్తిగా కోసి పరీక్షకు పంపి, 1970లో అలెగ్జాండర్ బ్రెస్లో చూపిన పద్ధతిలో దాని మందాన్ని మిల్లీమీటర్లలో కొలుస్తారు; మందం పెరిగిన కొద్దీ పాకే ప్రమాదం పెరుగుతుంది. వెన్ను నొప్పి ఉంటే ఎంఆర్‌ఐ తీస్తారు, ఎక్స్‌రేకు అందని తొలి మార్పులను కూడా అది చూపుతుంది, ఒక్కచోటే కాక వెన్నెముక మొత్తం తీయడం అవసరం, ఎందుకంటే జబ్బు తరచూ ఒకటికి మించిన పూసల్లో ఉంటుంది. అరికాలి సంగతి తెలియని రోగిలో పూసలోకి సూది పంపి ముక్క తీసి, క్షయకూ క్యాన్సర్‌కూ రెండింటికీ పరీక్షిస్తారు. కాళ్లలో బలహీనత మొదలైతే వెంటనే డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్‌తో వాపు తగ్గించి, ఆ రోజో మరుసటి రోజో ఆపరేషన్ లేదా రేడియేషన్ నిర్ణయిస్తారు. స్టీరియోటాక్టిక్ పద్ధతిలో వెన్నుపామును తప్పించి గడ్డ మీదే ఒకటి నుంచి అయిదు విడతల్లో పెద్ద మోతాదు ఇవ్వగలగడంతో, మెలనోమా రేడియేషన్‌కు లొంగదన్న పాత మాట బలం తగ్గింది. రేపల్లె తీరం నుంచి వచ్చే రోగికి ఈ వరసలో ఇప్పటికీ పొడవైన మెట్టు మొదటిదే: నడుము నొప్పితో కూర్చున్న మనిషిని చెప్పులు విప్పమని అడిగి, రెండు అరికాళ్లనూ వేళ్ల సందులనూ గోళ్లనూ వెలుతురులో చూడడం.